సున్నా నొక్కితే అవును

2013 మే నెల. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో మా నాన్న పెట్టిన రేడియో రిపేరు కొట్టు నా చేతికొచ్చి అప్పటికి పదకొండేళ్లు. రేడియోలు పోయాయి, టేపు రికార్డర్లు పోయాయి, టీవీలు పల్చబడ్డాయి. నేను మాత్రం సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని అదే స్టూలు మీదున్నాను. ఆడమనిషి రిపేరు చేస్తుందా అని గుమ్మంలో నిలబడి అడిగేవాళ్లకి, చెయ్యదు, చూస్తూ కూచుంటుంది అని జవాబిచ్చేదాన్ని. నా నోరూ తొందరే, చెయ్యీ తొందరే. ఆ చేతి తొందర ఒకరి కొంప ముంచింది. అది చెప్తాను.

భోగాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు పైడమ్మ. ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయి, చేపలమ్ముతుంది. పాత చీరలో చుట్టిన మూట ఒకటి నా బల్ల మీద పెట్టి విప్పింది. లోపల నల్లటి గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి వీడియో గేమ్‌లాడే పెట్టె. దాని మీద రాతలన్నీ జపాన్ అక్షరాలు, సందుల్లో ఇసక. స్విచ్ వేస్తే పసుపు లైటు ఒక్క క్షణం వెలిగి, మూడుసార్లు కుయ్యిమని ఆరిపోతోంది.

ఆ జబ్బు నాకు తెలుసు. లోపల పెద్ద చిప్ కింద సన్నటి టంకం పూసలుంటాయి. వేడెక్కుతూ చల్లారుతూ అవి బీటలు వారతాయి. హీట్ గన్‌తో వాటిని మళ్లీ కరిగించి అతికించడాన్ని రీఫ్లో అంటాం. అతికినా వారమాడుతుందో, నెలాడుతుందో ఎవరూ చెప్పలేరు. దీని మీద ఎందుకమ్మా శ్రమ, వదిలెయ్యరాదా అన్నాను.

"ఇందులో మా మావున్నాడక్కా," అంది.

అప్పుడు మెల్లిగా చెప్పుకొచ్చింది. మావంటే ఆమె మొగుడు, అప్పన్న. పెళ్లికి ముందు సరుకు ఓడలో పనిచేసి, జపాన్ రేవులో ఈ పెట్టె, ఒక ఫైటింగ్ గేమ్ డిస్కు పాతవి కొనుక్కొచ్చాడు. తర్వాత ఓడ మానేసి సొంతూళ్లో చేపల వేటకెళ్లడం మొదలుపెట్టాడు. కిందటి కార్తీకంలో పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకొచ్చారు, అప్పన్న రాలేదు. శవమూ దొరకలేదు. ఫోను కూడా అతనితోనే పోయింది. పెళ్లి ఫొటో ఉంటుంది కదా అన్నాను, బుద్ధి లేక.

"ఫొటోలో మావ కదలడు. ఇందులో కదుల్తాడు."

ఆ గేమ్‌లో ఆడిన ఆటని దాచుకోవచ్చట. దాచినదాన్ని రీప్లే అంటారు, ఎవరు ఏ బటన్ ఎప్పుడు నొక్కారో ఉన్నదున్నట్టు మళ్లీ ఆడి చూపిస్తుంది. మొగుడూ పెళ్లాం కొట్టుకున్న ఆటలు పదిహేడు అందులో ఉన్నాయి. వాటిని తీసి ఎక్కడైనా పదిలంగా పెట్టమని ఆమె వచ్చింది. పెట్టె బాగుపడటం ఆమెకి ముఖ్యం కాదు.

రెండు రోజులు కూచున్నాను. బోర్డు విప్పి, ఉప్పు గాలికి పట్టిన చిలుం గీకి, రీఫ్లో చేసి, చిప్ వేడిని లాగే థర్మల్ పేస్ట్ కొత్తది రాశాను. మూడో రోజు పొద్దున పచ్చ లైటు నిలబడింది. కబురు పెడితే పదింటికల్లా వచ్చేసింది.

కొట్లో టీవీకి తగిలించాం. నాకు ఆ గేమ్ ఒట్టి గోలలా అనిపించింది. పైడమ్మ పక్కన కూచుని నేర్పింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. కార్టూన్ బొమ్మలు, మొహంలో సగం కళ్లే. ఈమెది రెండు జడల పిల్ల, తనంత కత్తి పట్టుకుని ఉంటుంది. అప్పన్నది గొలుసు తిప్పే లావుపాటోడు. వెనక్కి నొక్కి పడితే దెబ్బ కాచుకోవచ్చు. కాళ్ల మీదకొస్తే కూచుని కాయాలి, దూకి కొడితే నిలబడి కాయాలి. బొటనవేలితో కిందనుంచి ముందుకి పావు చక్రం తిప్పి గుద్దు బటన్ నొక్కితే కత్తిలోంచి మంటొస్తుంది. ఒక దెబ్బ తిని తేరుకునేలోపు ఇంకోటి, ఇంకోటి వరసగా తగిలించడం కాంబో. అందులో చిక్కితే ఊపిరాడదు, ఆటకి ఒక్కసారి బర్స్ట్ అని నొక్కి విడిపించుకోవాలి. చేపల ముళ్లు గుచ్చుకుని గరుకెక్కిన ఆ వేళ్లు బటన్ల మీద ఎంత చులాగ్గా తిరిగాయో చెప్పలేను.

రీప్లేల జాబితా తనే తెరిచి, ఒకటి పెట్టింది. లావుపాటోడు గొలుసు తిప్పుకుంటూ వచ్చాడు. ఆట అయ్యాక, పద అక్కా, కాపీ తీసుకుందాం అంది. నా దగ్గర పెన్‌డ్రైవ్ లేదు. ఎదురు సందులో దొరుకుతుంది, తెచ్చుకోమని పంపించాను.

ఆమె వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. ఈలోపు కాపీ చేసే దారి చూసి పెడదామని కంట్రోలర్ మీద త్రికోణం గుర్తున్న బటన్ నొక్కాను. తెర మీద ఎర్రటి గడిలో జపాన్ అక్షరాల్లో ఏదో ప్రశ్న వచ్చింది, కింద ఒక సున్నా, ఒక ఇంటూ, బటన్ల మీదుండే గుర్తులే. నాకర్థం కాలేదు, వెనక్కొచ్చేద్దాం అనుకున్నాను. మన దగ్గర అమ్మే కన్సోల్‌లో ఇంటూ నొక్కితే సరే, సున్నా నొక్కితే వద్దు. పైగా సున్నా అంటే మనకి ఏమీ లేదనే కదా, పరీక్షలో సున్నా, చేతిలో సున్నా. సున్నా నొక్కాను. జపాన్‌వాళ్లకి సున్నా అంటే ఒప్పు, ఇంటూ అంటే తప్పు. అది నాకు ఆ తర్వాత తెలిసింది. ఒక గీత తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తింది. జాబితా ఖాళీ. అన్నీ చెరిపెయ్యనా అన్నదే ఆ ప్రశ్న, పదిహేడూ పోయాయి.

మా వృత్తిలో అన్నిటికీ పనికొచ్చే మాట ఒకటుంది. బోర్డు పోయింది. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది. పైడమ్మ పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని చెమటలు కక్కుతూ లోపలికొచ్చింది. ఆ మొహం చూశాక అబద్ధం రాలేదు. చెరిపేశానమ్మా అన్నాను.

కంట్రోలర్ తీసుకుని జాబితాని కిందకీ పైకీ జరిపి చూసింది.

"సున్నా నొక్కినావా?"

అవునన్నాను.

"ఇందులో సున్నా అంటే అవును. మావ మొదటిరోజే సెప్పినాడు నాకు. నాలుగు నిమిసాలు ఆగితే నాను నొక్కీదాన్ని కదక్కా."

తిట్టి ఉంటే బాగుండేది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. విశాఖపట్నంలో పోయిన డేటా తీసే మనిషి ఒకాయన తెలుసు, ఆయనకి ఫోన్ చేశాను. ఆ హార్డ్ డిస్కుకి తాళం వేసి ఉంటుంది, ఆ పెట్టెకి తప్ప దేనికీ తెరుచుకోదు, పోయింది పోయినట్టే అన్నాడు. ఆ మాటే ఆమెకి చెప్పాను. తల ఊపింది.

కంట్రోలర్‌తో గేమ్‌లోనే ఉండే ప్రాక్టీసు గది తెరిచింది. అక్కడ ఎదుట నిలబడే బొమ్మకి మనమే ఆట నేర్పొచ్చు. మనం ఆడి చూపిస్తే రికార్డు చేసుకుని, అలాగే మనతో తలపడుతుంది. పైడమ్మ లావుపాటోడిని తీసుకుని కళ్లు మూసుకుంది. గొలుసు తిప్పింది, రెండడుగులు వెనక్కేసింది, ఎగిరింది, కూచుంది. గుర్తు తెచ్చుకుంటూ, ఆగుతూ ఆగుతూ. తర్వాత రెండు జడల పిల్లని తీసుకుని వాడితో ఆడింది. ఒకసారి, ఐదుసార్లు, పదిసార్లు. వాడు ప్రతిసారీ అక్కడే ఎగిరాడు, అక్కడే కూచున్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

కంట్రోలర్ బల్ల మీద పెట్టేసింది.

"నాను నేర్పినట్టే ఆడతన్నాడక్కా. మావ ఎప్పుడైనా నా మాట ఇన్నాడేటి?"

స్విచ్ తనే కట్టింది. వైర్లు చుట్టి, పెట్టెని చీరలో మూటగట్టుకుంది. నేను ఏదో అనబోతే ఉండనీ అక్కా అని మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ పెట్టె ఎన్నాళ్లాడిందో కూడా నాకు తెలీదు.

పని తెలియడమంటే విప్పడం, అతికించడం అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరేం తెచ్చినా, ఇందులో మీదేముంది, నేను ఏది ముట్టుకోకూడదు అని ముందు అడుగుతాను. తెర వెలిగాక కంట్రోలర్, మౌసు, ఏదైనా సరే వాళ్ల చేతికే ఇస్తాను. వాళ్ల పని అయ్యేదాకా నా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూచుంటాను.