జానెడు తక్కువైన శాలువా

నా చిన్నప్పుడు ఆండర్సన్‌పేటలో మా నాయనకు ఒక చిన్న అంగడి ఉండేది. గుండీలు, దారాలు, రిబ్బన్లు, చలికాలం వస్తే ఉన్ని ఉండలు. తొమ్మిదేళ్ళకే నేను నాయన పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఇడ్లీల అవ్వ దగ్గర ఒక గరిటె చట్నీ ఎక్కువ పోయించుకోవడం, పరీక్షల ముందు దేవుడికి మొక్కిన కొబ్బరికాయను అరచిప్పకు దించుకోవడం నాకు నిత్యం ఉండే పనులే. నన్ను మించిన వ్యాపారి ఈ బంగారు గనుల ఊళ్ళో లేరని నా నమ్మకం. ఆ నమ్మకం కాస్తా ఒక నులక మంచం దగ్గర పోయింది.

మాకు రెండిళ్ళ అవతల ఒక పెద్దమ్మ ఉండేది. చుట్టం కాదు, పిలుపుకే పెద్దమ్మ. ఆమె భర్త గనిలోకి దిగేవాడు. పెద్దమ్మ పడుచుతనంలో ఒక దొరసాని బంగళాలో పనిచేస్తూ, దొరసాని చేతులు చూసి అల్లిక పట్టుకొచ్చిందట. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇల్లు ఊడుస్తూ చూసింది, ఇంటికొచ్చి చీపురు పుల్లలతో అల్లుకుంది. భర్తకు సాక్సులు ఆమే అల్లేది. "గని లోపల పొయ్యి మాదిరి ఉడుకు, పైకొస్తే చలిగాలి. నూలు సాక్సయితే చెమటకు తడిసి కాలికి అతుక్కుంటాది. గొర్రె ఉన్నే తట్టుకునేది" అనేది.

ఆమె ఉన్ని ఎంచుకుంటుంటే చూసి తీరాలి. వేళ్ళతో నలిపేది కాదు. కళ్ళు మూసుకుని ఉండను చెవి కింద, మెడకు ఆనించుకునేది. పని చేసి కాయలు కాచిన వేళ్ళు అబద్ధం చెప్తాయి, మెడ చెప్పదని ఆమె లెక్క. సాక్సులకు గట్టిగా పురి ఎక్కినది, శాలువాకు ఊదితే కదిలేంత సన్ననిది. పది ఉండలు ముందు పెడితే తొమ్మిది వెనక్కి తోసేది. అంగడి పిల్లనైన నాకు అది పెద్ద అవమానం.

ఆ ఏడు ఆమె కూతురు తొలి కాన్పుకు వచ్చింది. బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజు చుట్టడానికి పెద్దమ్మ తెల్లటి లేసు శాలువా మొదలుపెట్టింది. నాలుగు నెలలు అల్లింది. ఇంకో జానెడు మిగిలుండగా ఉన్ని అయిపోయింది. కూతురి దగ్గర నుంచి కదల్లేక, ఒక ఉండ తెచ్చిపెట్టమని నాకు చెప్పి పంపింది. నాయన సరుకుకు బెంగళూరు పోయినాడు. అంగట్లో తెల్ల ఉన్ని లేదు. కొత్తగా వచ్చిన నైలాన్ దారం మాత్రం ఉంది, ఉన్ని కంటే తెల్లగా, మెరుస్తూ. వచ్చిన బేరాన్ని వట్టి చేతులతో పంపితే నేనేం వ్యాపారిని? నైలాన్ అని రాసున్న పై కాగితం పీకేసి, చేత్తో కొత్త ఉండగా చుట్టి పట్టుకుపోయినాను.

పెద్దమ్మ దాన్ని మెడకు పెట్టుకోలేదు. నేరుగా సూదులకు తగిలించుకుంది. "నువ్వు తెచ్చినావు గదా పాపా, ఇంగ చూసేదేముండాది?" అంది. గెలిచినాననుకున్నాను.

బిడ్డ పుట్టింది. ఉయ్యాలకు ఇంకా రెండు రోజులుందనగా శాలువా పూర్తయింది. చూడబోతే, నిజం చెప్పొద్దూ, పాలు వడగట్టే గుడ్డ మాదిరి ముడుచుకుని ఉంది. నాలుగు నెలలు దీనికా అనుకున్నాను. పెద్దమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తువ్వాల్లో ఒత్తి, నులక మంచం మీద దుప్పటి పరిచి దానిపైన సాగదీయసాగింది. ఒక్కో అంచు లాగి గుండుసూది గుచ్చేకొద్దీ ముడతల్లోంచి ఆకులు విచ్చుకున్నాయి, తీగలు సాగినాయి, పూలు కళ్ళు తెరిచినాయి. నా నోరు మూతపడలేదు. మధ్యాహ్నానికి ఆరింది. సూదులు తీసి ఆమె ఎండకు ఎత్తి పట్టుకుంటే, సున్నపు గోడ మీద ఒక తోట నీడ నిలబడింది.

ఆ తోట అడుగున జానెడు మేర మాత్రం పూలు లేవు. నా దారం ఉన్నంత వరకూ మళ్ళీ ముడుచుకుపోయింది.

పెద్దమ్మ అప్పుడు ఆ అంచును మెడకు ఆనించుకుంది. చిన్న పోగు తెంపి పొయ్యిలో నిప్పుకు తాకించింది. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన రావాలి. ఇది కరిగి నల్లటి గింజయింది. చల్లారినాక దాన్ని నా అరచేతిలో పెట్టింది. 'నాయనే ఇచ్చినాడు' అనే మాట నాలుక మీదికి వచ్చింది. గింజను చూసి ఆ మాట మింగేసినాను.

"నేనే పెద్దమ్మా, కాగితం పీకేసినాను."

"యాడ నేర్చినావే ఈ యవ్వారం?" అని, నేను ఏడుపు ఎత్తుకునే లోపలే శాలువా దగ్గరికి లాగింది. నా దారం మొదలైన వరసలో, కళ్ళన్నిట్లో నుంచి పోయిన ఒక సన్నటి కుట్టు దారం చూపించింది. అల్లికలో సూది మీద వరుసగా నిలిచే ముడులను ఆమె కళ్ళనేది. "కొత్త ఉండ తగిలించినప్పుడల్లా ఒకటి దూర్చి పెడతాను, ఎవురు తెచ్చినా సరే. పీకు ఇంగ."

నాలుగు నెలల పనీ నా చేతిలోనే ఊడిపోతుందనే భయంతో మెల్లగా పీకినాను. వరస తర్వాత వరస జారి, ఆ కుట్టు దారం దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఒక్క కన్ను జారలేదు. అన్నీ ఆ దారం పట్టుకుని నిలబడినాయి. అంత పెద్ద అద్భుతం నేను అంతకుముందు చూడలేదు.

ఆ సాయంత్రం నాయన నిజం ఉన్ని తెచ్చినాడు గానీ, ఆ తెలుపు ఈ తెలుపుతో కలవలేదు. పెద్దమ్మ శాలువాను అక్కడికే ముగించింది. కొత్త ఉన్నితో బిడ్డకు సాక్సులు: ఒకటి తను అల్లింది, రెండోది నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అల్లించింది.

ఉయ్యాల రోజు అమ్మలక్కలు శాలువా అందానికి నోళ్ళు తెరిచినారు. అంతలో ఒకామె అంచు పట్టుకుని, "ఏమమ్మో, పొట్టిగా ఉండాదే! నీ కొలత గూడా తప్పిందా?" అంది. జన్మలో కొలత తప్పని మనిషి నా వైపు చూడనైనా చూడకుండా, "వయసైపాయ గదమ్మా, కండ్లు ఆనలేదు" అనేసింది. బిడ్డ కాళ్ళాడించింది. నేనల్లిన సాక్సు ఊడి పడింది. పెద్దమ్మ దాన్ని తీసి మళ్ళీ తొడిగింది.

ఇప్పుడా అంగట్లో నేను కూర్చుంటున్నాను. గుండీల డబ్బాలో ఆ నల్ల గింజ ఉంది. గంటసేపు బేరమాడే వాళ్ళంటే నాకు ఈనాటికీ భయం లేదు, వాళ్ళకంటే గంట ఎక్కువే ఆడగలను. "మీరు చెప్తే చాలమ్మా" అని చూడకుండా చేయి చాపే వాళ్ళొస్తేనే భయం. ఉండను వాళ్ళ చేతిలో పెట్టను. ముందు నా మెడకు ఆనించుకుంటాను.