గుట్ట మీద కుట్టిన కడుపు

మా దళం అమ్రాబాద్ అడవిల గుట్ట ఎక్కేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. పందొమ్మిదొందల యాభై, సాయుధ పోరాటం నడుస్తున్న ఎండాకాలం. మిలిట్రీ తరిమితే కట్టంగూర్ దిక్కు నుంచి అంత దూరం పోయినం. మిగిలింది నలుగురం. నాయకుడు, కొరియరు, గొల్లాయన, నేను. నాది రెండో తరగతి చదువు. నా కాడ ఒక నాటు తుపాకి, నీళ్ల తిత్తి. నీళ్లు కోసెడు దూరంల చెలిమెల ఉండేటివి. మనిషికి పూటకు రెండు గుక్కలని నాయకుని హుకుం. మూడో గుక్క ఎవ్వలకియ్యలే నేను.

ఒకనాడు కొరియరు నీళ్లకు పోయి కడుపు పట్టుకొని మర్లొచ్చిండు. కోస్గి మనిషి, కొత్తగ పెండ్లయినోడు. మిలిట్రీ తూటా డొక్క పక్కకెల్లి చీరుకపోయింది. చెయ్యి తీస్తే మూరెడు పేగు బయటికొచ్చింది.

"దవాఖానకు మోసుకపోదాం," అన్న.

"దవాఖాన ముంగటనే మిలిట్రీ క్యాంపు," అన్నడు నాయకుడు.

గొల్లాయన గొంగడి పరిచిండు. "తోడేలు చీరిన గొర్లను ఎన్నిటినో కుట్టిన. పేగు కడిగి లోపలికి తోస్తే తెల్లారి మేతకు పోతయి."

"నేను గొర్రెనా మామా?" అన్నడు కొరియరు.

"గొర్రెవైతే గింత మాట్లాడకపోదువు. పండుకో."

తిత్తిల నీళ్లన్నీ పోసిన. కడుగుతుంటెనే కొరియరు సోయి దప్పిండు. గొల్లాయన పేగును వేళ్లతోని తడిమిండు. "పేగుకు తూటు పడలేదు," అన్నడు. తుమ్మముల్లుతోని పొడిచి, గొంగడిల నుంచి పీకిన ఉన్నితోని కుట్టిండు.

తెల్లారి కడుపు డప్పు లెక్క ఉబ్బింది. ఒళ్లు కాలుతాంది. "గొర్లకిట్ల ఉబ్బితే డొక్కల పొడిచి గాలి తీస్తం," అని గొల్లాయన ముల్లు పట్టుకున్నడు. మళ్ల కింద పెట్టిండు.

"పొడువు మామా," అన్నడు కొరియరు.

"మనిషికి ఎక్కడ పొడవాల్నో నాకు తెల్వది బిడ్డా."

కొరియరు నీళ్లడిగిండు. చెలిమె కాడ మిలిట్రీ కూసున్నది. తిత్తి పిండితే నాలుక తడిసేటన్ని రాలే. పగటికి పాణం పోయింది. గొర్రె బతికేటి కుట్టుకు మనిషి బతకలేదు.

దళం చెదిరినంక ఇంటికొచ్చిన. పిల్లల్ని కన్న, మనవండ్లను సాకిన. ఇప్పటికీ చేతులు తడిస్తే గదే యాదికొస్తది. ఆనాడు కడిగేటప్పుడు పేగు నా దోసిట్ల ఉండె. మనిషి సోయిల లేడు. పేగు మాత్రం ముడుసుకుంట, సాగుకుంట, పొద్దుగాల తిన్న జొన్న గటుకను ముంగటికి తోస్తనే ఉన్నది.