ఎమ్మెల్యే బడికి లేటైన రోజు

నా చిన్నప్పుడు మా ఊరికి రెండు దోవలు ఉండేవి. ఒకటి ఎండాకాలపు దోవ, ఇంకొకటి వానాకాలపు దోవ. నిజానికి రెండూ ఒకటే. కోయిలకుంట్లకు పోయే తారు రోడ్డు దగ్గర మొదలై, చేల మధ్యన సాగి మా ఊరు చేరే నల్లరేగడి బండిబాట. ఎండాకాలంలో బండలా గట్టిపడి ఉండేది. వాన పడిందంటే మాత్రం మనిషిని వదిలేది కాదు. అడుగు తీస్తే కాలితోపాటు మట్టి కూడా లేచి వచ్చేది. కాస్త దూరం పోయేసరికి మనిషి జానెడు ఎత్తు పెరిగేవాడు. అందుకే పొట్టివాళ్లకు వానాకాలమంటే ఇష్టమని నేను అందరితో అనేదాన్ని.

మా ఊరి చిన్నబడిలో పాఠాలు చెప్పిన అయ్యవారు ఆ దోవనే సైకిల్ మీద వచ్చేవారు. ఎండాకాలంలో సైకిల్ ఆయన్ని మోసేది, వానాకాలంలో సైకిల్‌ను ఆయన మోసేవారు. ఈ మాట ఆయన ముందే అన్నాను. ఇంకొకరైతే చెవి మెలిపెట్టేవారు. ఆయన పగలబడి నవ్వి, ఆ సంగతినే బొమ్మ గీయమని నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. తర్వాత నలుగురూ పట్టుబట్టి ఆయన్ని ఎన్నికల్లో నిలబెట్టారు, గెలిపించారు. ఎమ్మెల్యే అయినా మాకు మాత్రం అయ్యవారే.

మా పక్కింటి అక్క అప్పట్లో తారు రోడ్డు పక్కన ఉన్న హైస్కూలుకు పోయేది. మా వీధి ఆడపిల్లల్లో అంత దూరం పోయింది ఆమె ఒక్కతే. ఆ బడిలో ఒక రూలు ఉండేది. గంట కొట్టాక వచ్చిన పిల్లలు మొదటి పీరియడ్ అయ్యేదాకా గేటు బయట నిలబడాలి. వాన పడితే అక్కకు రోజూ అదే గతి. దాంతో వాళ్ల నాయన ఇక బడి చాలని తేల్చేశాడు. అయినా అక్క బడికి కట్టుకునే పావడా ఉతికి దండెం మీద ఆరేసుకుంది.

ఆ సాయంత్రమే అయ్యవారు మా ఊరికి వచ్చారు. వెంట రోడ్ల ఇంజనీరు కూడా ఉన్నాడు. బడి అరుగు మీద కూర్చుని జనం చెప్పే కష్టాలు వింటున్నారు. నేనూ పెద్దవాళ్ల వెనక నిలబడ్డాను.

"ఏమ్మే, నీకేం కావల్ల? పింఛనా?" అన్నాడు సర్పంచు.

"నాకేమీ వద్దు. మా అక్కను బడి మాన్పిస్తాండారు," అన్నాను.

అక్క వాళ్ల నాయన అక్కడే ఉన్నాడు. "మాన్పించక ఏం చేయల్ల అయ్యవారూ? బురదలో పడి పోతాది. ఆడ గేటు బయట దొంగ మాదిరి నిలబెడతారు. పోయేవాళ్లు వచ్చేవాళ్లు అందరూ చూస్తాండారు. ఆ నిలబడే చదువు మాకొద్దు సామీ."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "ఎండాకాలంలో చూశాను సార్, బాట బాగానే ఉంది. కంకర సంగతి ముందు ముందు చూద్దాం. అంతదాకా పిల్లలు కాస్త ముందే బయల్దేరితే సరిపోతుంది."

అయ్యవారు కాదనలేదు. పడమట కమ్ముకొస్తున్న మబ్బు వైపు చూశారు. తాము వచ్చిన జీపును తారు రోడ్డు మీదికి పంపించేసి, "ఈ రాత్రికి మనం ఈడనే పండుకుందామప్పా. పొద్దున పాపతో పాటు మనమూ బడికి పోదాం," అన్నారు. ఇంజనీరుకు అప్పుడేమీ అర్థం కాలేదు. తెల్లారేదాకా వాన దంచాక అర్థమైంది.

పొద్దున్నే పుస్తకాల మూటతో అక్క ముందు నడిచింది. వెనక అయ్యవారు, ఇంజనీరు, సర్పంచు, అక్క వాళ్ల నాయన. నన్నెవరూ పిలవలేదు. అందుకే తప్పకుండా పోయాను. అయ్యవారు చెప్పులు చేతిలో పట్టుకుని పంచె ఎగగట్టారు. ఇంజనీరు బూట్లతోనే దిగాడు. కొంతదూరం పోయాక కాలు వచ్చింది, బూటు రాలేదు. నేను దాన్ని పెరికి కట్టెకు తగిలించి జెండాలా ఎత్తాను.

"సార్, మీ బూటు మా ఊళ్లోనే ఉంటానంటాండాది!"

సర్పంచు నవ్వబోయి తనే జారి కూలబడ్డాడు.

మేము గేటు చేరేసరికి గంట కొట్టేశారు. ఎమ్మెల్యేను చూసి హెడ్మాస్టరు పరుగున వచ్చి గేటు తెరవబోయారు. అయ్యవారు చేయి అడ్డం పెట్టారు.

"ఉండండి సార్. లేటైనోళ్లకు మీ రూలు ఏమి?"

హెడ్మాస్టరు గేటు మీది చేయి తీసేశారు. అయ్యవారు చేతులు కట్టుకుని గోడ పక్కన అక్క సరసన నిలబడ్డారు. ఇంజనీరు అటూ ఇటూ చూసి ఒంటి బూటుతో తానూ నిలబడ్డాడు. సర్పంచు, అక్క వాళ్ల నాయన, చివర నేను. కిటికీల నిండా పిల్లల తలకాయలే. ఎండ వచ్చి మా కాళ్ల మీద బురద ఎండి బీటలిచ్చింది. అంతకు ముందు అక్క అక్కడ తల వంచుకుని నిలబడేదట. ఆ పొద్దు వంచలేదు.

పీరియడ్ గంట మోగాక ఇంజనీరు మెల్లగా, "సార్, ఈ ఏడాదే కంకర వేయిస్తాను," అన్నాడు.

"నాకెందుకప్పా చెప్తావు? ఆ పాపకు చెప్పు."

ఆయన అక్క వైపు తిరిగి అదే మాట మళ్లీ చెప్పాడు. అక్క వాళ్ల నాయన పుస్తకాల మూట తీసుకుని, దానికంటిన బురదను తన తుండుగుడ్డతో తుడిచి ఆమె చేతికిచ్చాడు.

కంకర పడింది, తర్వాత బస్సూ వచ్చింది. అక్క చదువుకుని కర్నూలులో నర్సమ్మగా చేసి రిటైరైంది. నేనూ ఆ బస్సు ఎక్కాను గానీ, నాకు చదువుకన్నా బస్సే బాగా నచ్చింది. ఏడో తరగతిలో చదువూ నేనూ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం. అయ్యవారు ఆ తర్వాత ఎన్నిసార్లు గెలిచారో, ఎన్నిసార్లు ఓడారో మగవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు గుర్తున్నది గోడ పక్కన ఆ మట్టికాళ్లే.

ఇప్పుడు నాకు చిన్న టిఫిన్ అంగడి ఉంది. పనికి వచ్చే ఆడవాళ్లు ఒక్కోరోజు ఆలస్యం చేస్తారు. అట్టు మాడుతుంటుంది, గిరాకీలు అరుస్తుంటారు, నా నాలుక దురద పెడుతుంటుంది. నా నోటి సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. అయినా ముందు చెంబుతో నీళ్లిచ్చి, "యా దోవన వచ్చినావమ్మా?" అని అడుగుతాను. తిట్టేదేదన్నా ఉంటే జవాబు విన్నాక తిడదామనుకుంటాను. విన్నాక ఆ అవసరం ఎప్పుడో గానీ పడలేదు.