ఠాణాలో మోగిన బిస్కెట్ల డబ్బా

అది 1986 ఎండాకాలం. కోరుట్ల బస్టాండు ఎదురుగా నాది రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం. ఆంప్లిఫయర్ అంటే చిన్న శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె. పెళ్లికైనా సభకైనా అదే దిక్కు. అందులో గరగర వస్తే తీసెయ్యడం నా బతుకుదెరువు. పోలీసుల మైకుసెట్టు కూడా నా దగ్గరికే వచ్చేది. అందుకే ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆగితే, సెట్టు మళ్లీ మొరాయించిందనుకుని సామాను సంచి భుజాన వేసుకుని ఎక్కాను.

"సెట్టు గాదు రాజేశం. బాంబు సూడాలె," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మల్లయ్య. సిరిసిల్ల మనిషి, నెమ్మదస్తుడు.

"బాంబుల సంగతి నాకేం ఎర్క సార్? నేను రేడియోలు బాగుచేసేటోన్ని."

"వైర్లున్నయి, బ్యాటరీ ఉన్నది. గవి నీకు గాక ఇంకెవలకు ఎర్క?"

జీపేమో అప్పటికే కదిలింది. ఇంక దిగేదెక్కడ!

అది ఏ ఠాణానో చెప్పను. లోపల గోడకు ఆనుకుని ఒక పొడుగు జుట్టు కుర్రాడు కింద కూర్చుని ఉన్నాడు. పేరు గంగాధర్. ఎస్సై బల్ల మీద అతని ఎలక్ట్రిక్ గిటారు, పక్కన ఒక బిస్కెట్ల రేకు డబ్బా. మూత తీసి చూస్తే ట్రాన్సిస్టర్లు, రంగురంగుల వైర్లు, బ్యాటరీ, పైన కాలితో తొక్కే స్విచ్చు. దారుల్లో మందుపాతరలు పేలుతున్న రోజులవి. బొంబాయి బస్సులో వచ్చి సిరిసిల్ల పోతుంటే తనిఖీలో దొరికాడట.

అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. వాళ్ల నాయిన పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు. అమ్మ సాంచాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. సాంచాలంటే సిరిసిల్లలో మరమగ్గాలు. తను బొంబాయి దగ్గరి భీవండిలో సాంచాలు నడిపి, హోటల్లో గిటారు వాయించి, ఒక రాక్ బ్యాండులో చేరాడు. వాళ్లెప్పుడూ పరాయి పాటలే వాయిస్తున్నారని కొట్లాడి బయటికొచ్చాడు. ఇప్పుడు తన సంగీతం తనే కడుతున్నాడు.

"మరి గీ డబ్బా ఏంది?" అన్నాడు ఎస్సై.

"ఫజ్ అంటరు సార్. గిటారు సప్పుడును గరగర చేస్తది."

"మంచిగున్నదాన్ని ఖరాబు చేసెతందుకు డబ్బానా?" ఎస్సై నా వైపు తిరిగాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం.

"పేలే మందు ఏం కనవడ్తలేదు సార్. కని గా స్విచ్చు దేనికో నేను చెప్పలేను," అన్నాను. పిరికివాడినే అనుకోండి. తప్పు చెబితే ఆ గోడ పక్కన నేనూ కూర్చోవాలి. ఆ రోజుల్లో ఠాణాకు తెచ్చిన వాళ్లందరూ ఇల్లు చేరేవాళ్లు కాదు. ఆ సంగతి గంగాధర్‌కూ తెలుసు.

ఎస్సై చెడ్డవాడేం కాదు. "సరే, ఒక సినిమా పాట కొట్టు. మంచిగ కొడితే నువ్వు చెప్పేది నిజమే అనుకుంట," అన్నాడు. హమ్మయ్య, దేవుడే దారి చూపించాడనుకున్నాను.

"సినిమా పాటలు నేను కొట్ట సార్," అన్నాడు గంగాధర్.

"కొట్టు కొడుకా, పానం మీదికొచ్చింది," అని చెవిలో గొణిగాను.

"గా పాటకు డబ్బా అక్కర లేదు కాకా. సార్ డబ్బా ఏందని అడుగుతుండు గద. నా పాటే కొడ్త."

ఎస్సై కానియ్యమన్నాడు. ఏం చేస్తాను! ఠాణా మైకుసెట్టుకు గిటారు తగిలించి, మధ్యలో డబ్బా కలిపాను. అతను స్విచ్చు మీద కాలు పెట్టగానే ఇద్దరు కానిస్టేబుళ్లు పని ఉన్నట్టు బయటికి జారుకున్నారు.

తొక్కాడు. ఏదీ పేలలేదు గానీ మైకుసెట్టు హారన్ స్పీకరు కూత పెట్టింది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం తిరిగి సెట్టులోకే దూరితే పుట్టే అరుపు. అది వినబడితే నా చెయ్యి నా మాట వినదు, వాల్యూం తగ్గించేసింది.

"ఎందుకు బంద్ చేసినవ్? ఏమైతదని?" ఎస్సై లేచి నిలబడ్డాడు.

చచ్చాన్రా భగవంతుడా అనుకున్నాను. గంగాధర్ మాత్రం మెల్లగా, "కాకా, నీకు దండం పెడ్త, దాన్ని ముట్టకు," అన్నాడు.

మళ్లీ తొక్కాడు. తీగలను అరచేత్తో నొక్కిపట్టి కొట్టడం మొదలుపెట్టాడు. టకటక, టకటక. ఒక సాంచా చప్పుడు కాదు, షెడ్డు షెడ్డంతా. ఒక దాని లయ ఇంకోదానితో కలవదు, అయినా అన్నీ కలిసే నడుస్తున్నాయి. వాటి మీద ఆ కూతను లేపాడు. హారన్ వైపు అడుగు వేస్తే అది పైకి పోతోంది, భుజం తిప్పితే దిగి వస్తోంది. అబ్బ! ఇన్నేళ్లుగా నేను తరిమికొట్టిన శబ్దం అతను చెప్పినట్టు వింటోంది. అది సంగీతమో కాదో చెప్పే చదువు నాకు లేదు. అంతటిది మాత్రం నేను మళ్లీ వినలేదు.

అంతలో టకటకలు మందగించాయి. ఒక్కొక్కటే బరువెక్కి, ఆగి ఆగి, చివరిది ఒక్కసారి కొట్టుకుని ఊరుకుంది.

"కరెంటు వోయింది," అన్నాడు మల్లయ్య, తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ.

ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

మల్లయ్య ఫ్యానును చూశాడు, గంగాధర్‌ను చూశాడు. "సార్, గిది మా ఇంటి సప్పుడు సార్. కరెంటు వోతే మా సాంచాలు గిట్లనే ఆగుతయి," అన్నాడు.

ఎస్సై డబ్బా మూత తనే బిగించి గంగాధర్ చేతికిచ్చాడు. "పో. గిసొంటిది పట్టుకొని మల్ల బస్సెక్కకు."

బయట చాయ్ తాగుతూ కడుపు మండి తిట్టాను. "ఒక్క సినిమా పాట కొడితే నీ సొమ్మేం పోతుండెరా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "గా పాట కొట్టి బయటవడితే, నేను ఠాణాలనే మిగిలిపోతుంటి కాకా," అన్నాడు.

ఆ వారమే సిరిసిల్లలో, నడుస్తున్న సాంచాల మధ్య నిలబడి వాయించాడు. "దినమంత గిదే ఇని చెవులు వోయినయి, నువ్వు గూడ గిదేనా కొడుకా?" అని ఒక ముసలమ్మ అంటే అందరూ నవ్వారు. అయినా ఒక్కరూ కదల్లేదు. తర్వాత బొంబాయిలో నాటకాలకు సంగీతం కట్టాడు, బయటి దేశాల వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. నాకు క్యాసెట్లు పంపేవాడు. పెడితే చాలు, "గా టేపు బంద్ చెయ్యి, బర్రె బెదురుతుంది," అని మా ఇంటావిడ గోల!

గరగర వినబడగానే స్క్రూడ్రైవర్ అందుకోవడం ఆ తర్వాత మానేశాను. ముందు కాసేపు వింటాను. దుకాణానికొచ్చిన గిరాకీలు నవ్వుకుంటారు. నిజమే, ప్రతిసారీ అది పాడైన సెట్టే. కానీ ఆ మధ్యాహ్నం నా చెయ్యి ఇంకోసారి ఆ వాల్యూం మీదికి పోయి ఉంటే ఆ పిల్లవాడు ఏమయ్యేవాడో తలుచుకుంటే, ఇప్పటికీ నాకు భయం వేస్తుంది.