నీలం పెట్టెలో ఈగలు

ఈ పొద్దున బాల్కనీలో తులసికుండీ అంచుమీద ఒక తేనెటీగ వాలింది. నేను కాఫీ కప్పుతో కుర్చీలో కూర్చునే వేళ అది. విజయవాడ పటమటలో ఆటోల పొగనీ, కింద వెల్డింగు షాపు చప్పుడునీ దాటుకుని మూడో అంతస్తుదాకా ఎలా వచ్చిందో గాని, తులసి వెన్నులదాకా మాత్రం పోలేదు. తడిమట్టి దగ్గర కాసేపు నడిచింది, ఆగింది, మళ్ళీ నాలుగడుగులు వేసింది. నేను కప్పు కడిగి బోర్లించి వచ్చేసరికి పక్కకి ఒరిగి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. రెక్కల అంచులు పీలికలు పీలికలుగా ఉన్నాయి. అంటే దానికి రోగమూ రాలేదు, దాన్ని ఎవరూ కొట్టలేదు. ఎగిరి ఎగిరి రెక్కలు అరిగిపోయి ప్రాణం విడిచింది. రెక్కలు చూసి ఈగ వయసు చెప్పడం నాకు మా వదినగారు నేర్పారు. పనమ్మాయి చీపురు పట్టుకుని వస్తే ఆ మూల ఇవాళ్టికి వదిలెయ్యమన్నాను.

వదినగారంటే మావారి అక్కగారు. కంకిపాడు దగ్గర ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి 'బడికి సెలవు దొరకలేదు' అని చెప్పేవారు. రిటైరైన ఏడాదే ఇంటివెనక కొబ్బరిచెట్ల నీడన, మునగచెట్ల వరస పక్కన తేనెపెట్టెలు పెట్టారు. టీచరుగారికి పొద్దుపోక ఈ యాతన పెట్టుకున్నారని ఊరు అనుకుంది. పెట్టెల దగ్గర కూడా ఆవిడది బడి ధోరణే. మూత తీసేముందు వేలితో తట్టి, "కాస్త జరగండమ్మా, లోపల చూడాలి" అని ఈగలతో చెప్పేవారు. సొంత తమ్ముణ్ణి 'ఒరేయ్' అనే మనిషి ఈగల్ని మాత్రం 'అండీ' అనేవారు. పనంతా చేసేవి ఆడ ఈగలేనట, అందుకని వాటికి ఆ మర్యాద. పోతుఈగల దారి వేరు. వాటికి కుట్టడానికి ముల్లూ లేదు, చెయ్యడానికి పనీ లేదు, తిని కూర్చోవడమే. ఆవిడ వాటికి కొత్తల్లుళ్ళని పేరు పెట్టారు. "పూత ఉన్నన్నాళ్ళూ మేపుతారమ్మాయ్. పూత అయిపోగానే ఈ ఆడపిల్లలే రెక్క పట్టుకుని గడప బయటికి గెంటేస్తారు" అని నాతో చెబుతూ మావారివైపు చూసేవారు. మావారు సరిగ్గా అప్పుడే మా అమ్మ పంపిన సున్నుండల డబ్బా ముందు కూర్చుని ఉండేవారు.

మావారికి ఈగలంటే చచ్చేంత భయం. అయినా ఆదివారం వస్తే చాలు, టిఫిను కాగానే కంకిపాడు బస్సెక్కేవారు. బస్సులో వెళ్ళే మనిషి చేతిలో హెల్మెట్టు ఎందుకని కండక్టరు అడిగేవాడట. ఆ హెల్మెట్టుకి మెడ చుట్టూ నా పాత వాయిలు చీర ముక్క కట్టుకుని పెట్టెల దగ్గరికి వెళ్ళేవారు. ఎంత జాగ్రత్తపడ్డా చెవి తమ్మె వాచి వచ్చేది. సోమవారం ఆఫీసులో ఆయన చెవి చూడడానికే కొందరు ఆయన టేబులు దగ్గరికి వచ్చేవారని ఆయనే చెప్పి నవ్వేవారు. మా గ్రిల్లుకి వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా ఒకటి పట్టుకెళ్ళి, మునగచెట్టు మొదట్లో ఉన్న పెట్టెకి తనే రంగు వేశారు. అప్పట్నుంచి అది ఆయన పెట్టె. దాంట్లోంచి తీసిన తేనె ఎక్కువ తీపి అని వాదించేవారు. వదినగారు ఒకసారి రెండు చెంచాల్లో రెండు పెట్టెల తేనె పోసి కళ్ళు మూసుకుని చెప్పమంటే, తప్పు చెంచాని మెచ్చుకున్నారు. ఆ తర్వాత కూడా వాదన మానలేదు.

ఈగ బతుకేమిటో ఆవిడ మాకు చెప్పింది అలాంటి ఆదివారమే. పుట్టగానే ఈగ చేసే మొదటి పని తాను పుట్టిన గదిని తానే తుడుచుకోవడం. ఆ తర్వాత పసివాటికి తిండి పెట్టడం, మైనంతో గోడలు కట్టడం, గుమ్మం దగ్గర కాపలా. బయటికెళ్ళి తేనె తెచ్చే పని అన్నిటికంటే ఆఖరుది. పిట్టలూ, గాలివానలూ, దారి తప్పడాలూ అన్నీ ఆ పనిలోనే ఉంటాయి కాబట్టి అది పెద్దవాటికి. అంతా కలిపి నెలన్నర. "మరి రిటైర్మెంటు లేదా అక్కా వీటికి?" అన్నారు మావారు. అప్పటికి ఆయన రిటైరై, ఊరికే కూర్చోలేక ఒక కాలేజీలో లెక్కలు చూసే పనికి కుదిరారు. "నీకుందా?" అన్నారు వదినగారు. ఆయన నవ్వి హెల్మెట్టు పెట్టేసుకున్నారు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ రాసుకున్నది కాదు, అలా అలవాటైపోయింది. వరి కోసిన చేలల్లో ఆ తడిమీదే మినుము చల్లుతారు కదా, అది పూతకొచ్చేసరికి పురుగు పడుతుంది, మందు కొట్టక తప్పదు. ఆ పూతమీదే ఈగలూ ఉంటాయి. అందుకని మందు కొట్టే రైతు ముందురోజు సాయంత్రం వదినగారి గుమ్మం ముందు ఆగి, "టీచరుగారండీ, రేపు మా చేలో" అని చెప్పి పోయేవాడు. ఆవిడ చీకటి పడ్డాక, ఈగలన్నీ ఇల్లు చేరాక, పెట్టెల గుమ్మాలకి జాలీ బిగించి, మీద తడిగోనెలు కప్పి, లోపల పంచదార పాకం పెట్టేవారు. మందు ఘాటు తగ్గాక తెరిచేవారు. ఆ కబురు ఒక్కటి అందితే చాలు, పెట్టెలు బతికేవి.

మావారు మాఘమాసంలో పోయారు. రైతుబజారు నుంచి కూరల సంచితో వస్తూ మా అపార్ట్‌మెంటు మెట్లమీద కాస్త కూర్చున్నారు. కూర్చున్నవారు లేవలేదు. నాకు ఏడుపు రాలేదు. మాకు పిల్లలు లేరు కాబట్టి మా మరిది కర్మ చేశాడు. అందరూ ఏడుస్తుంటే నేను సంచిలో కూరలు తీసి ఫ్రిజ్జులో సర్దాను. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి, అది మన చెయ్యే కానట్టు ఉంటుందే, మనిషంతా అలా ఉన్నాను. వదినగారు కబురు తెలిసిన గంటలో వచ్చి, పెద్దకర్మ దాకా మా ఇంట్లోనే ఉండిపోయారు. ఆవిడా ఏడవలేదు. గ్యాసు బుక్ చేశావా, పాలవాడికి చెప్పావా, ఇవే మాటలు. పెట్టెల సంగతి ఎవరో అడిగితే, "పూత ఉంది, వాటి తిండి అవి చూసుకుంటాయి" అన్నారు.

ఆ రోజుల్లోనే వదినగారి పక్క చేను రైతు పరామర్శకి వచ్చాడు. మావారి ఈడువాడు, ఆదివారాలు పెట్టెల దగ్గర ఆయనతో కబుర్లాడేవాడు. హాల్లో గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. కాఫీ వద్దన్నాడు. రెండుమూడుసార్లు వదినగారివైపు చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. చావింట్లో మన పనుల మాట ఎత్తకూడదు, లేచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని కూడా అనకూడదు. ఆయన అలాగే మాట లేకుండా లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ అయ్యాక వదినగారు నన్ను నిద్రకి తీసుకెళ్ళారు. చావు జరిగిన ఇంటివాళ్ళని దగ్గరివాళ్ళు తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టడం మావైపు ఆనవాయితీ. సాయంత్రం ఎండ ఉండగానే ఊరు చేరాం. ఆవిడ తాళం తీయకుండా ముందు పెరట్లోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. పెరడు నిశ్శబ్దంగా ఉంది. ప్రతి పెట్టె గుమ్మం ముందూ ఈగలు రాలి కుప్పపడి ఉన్నాయి, నాలుకలు బయటికి వచ్చేసి. వదినగారు లోపల్నుంచి చాట తెచ్చి, మెత్తటి చీపురుతో వాటిని ఎత్తడం మొదలుపెట్టారు. నేను రెండో చాట పట్టుకున్నాను. ఎత్తుతున్నప్పుడు గలగలమని ఎండుటాకుల చప్పుడైంది. నాకు అప్పుడూ ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదన్నది మాత్రం తెలుస్తూ ఉంది.

మేం వచ్చామని తెలిసి పక్క చేను రైతు వచ్చి, గేటు దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆ రోజు చెబుదామనే వచ్చానండి టీచరుగారూ. పురుగు ముదిరిపోయింది, ఆగేలా లేదు. ఆ ఇంట్లో కూచుని నా చేను మాట ఎలా ఎత్తనండి? నోరు రాలేదు. బయటికొచ్చి ఫోన్ చేద్దామనుకున్నా, అదీ తప్పే అనిపించింది."

"ఎత్తకపోవడమే మర్యాద తమ్ముడూ" అన్నారు వదినగారు చీపురు ఆపకుండా. "నీ చోట నేనున్నా ఎత్తను. చేను దక్కిందా?"

"దక్కిందండి" అని ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. మా ముగ్గురిలో ఏడ్చింది ఆయనొక్కడే.

మిగతా పెట్టెల్లో ఏమీ మిగల్లేదు. నీలం పెట్టె మూత తీసి చెవి ఆనించి, వదినగారు నన్ను పిలిచారు. లోపల సన్నగా, దూరంగా ఎక్కడో మిక్సీ తిరుగుతున్నట్టు చప్పుడు. రాణి ఉంది. బయటి పనికి ఇంకా వయసు రాని పిల్ల ఈగలు గుప్పెడు ఉన్నాయి. తేనె తెచ్చే పెద్దవన్నీ పోయాయి. "ఈ ఒక్కటీ నిలబడితే చాలమ్మాయ్" అన్నారు. మావారు పోయాక ఆవిడ నోట కోరిక లాంటి మాట వినడం అదే మొదలు.

ఒక రాత్రికని వెళ్ళినదాన్ని కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే ఇద్దరం మునగచెట్టు కింద పీటలు వేసుకుని నీలం పెట్టె గుమ్మం చూస్తూ కూర్చునేవాళ్ళం. రెండు రోజులు ఏదీ బయటికి రాలేదు. లోపల పసివాటికి పాకం ఎంత పెట్టినా పుప్పొడి లేనిదే బతకవట. ఆ తర్వాత ఒక పొద్దున ఒక పిల్ల ఈగ గుమ్మంలోకి వచ్చింది. ఒళ్ళంతా నూగు, రెక్కలు కొత్త గ్లాస్కో పంచెలా తళతళలాడుతున్నాయి. ఎగరబోయి గడపమీదే పడింది. మళ్ళీ లేచి, పెట్టెకేసి మొహం తిప్పి గాల్లో అటూ ఇటూ ఊగుతూ తన ఇల్లేదో గుర్తుపెట్టుకుంది. "దీనికింకా లోపల పసిపిల్లలకి తిండి పెట్టే వయసే. పెద్దవాళ్ళు లేకపోతే వయసు రాకుండానే బయటికొస్తారు. ఇలా ముందుగా వచ్చినవి త్వరగా పోతాయి" అన్నారు వదినగారు. ఎప్పుడూ బ్యాంకు మెట్లెక్కని నేను, ఆ వారమే విజయవాడ వచ్చి పెన్షను కాగితాలకి క్యూలో నిలబడ్డాను. నాతో ఎవరూ రాలేదు. రమ్మని ఎవరినీ అడగలేదు.

ఆ ఈగ మునగపూత మీదినుంచి కాళ్ళకి పసుపు అంటించుకుని తిరిగి వచ్చింది. దాని వెనక ఇంకొన్ని. నీలం పెట్టె నిలబడింది. తర్వాత దాన్నే రెండు చేసి, ఆ రెంటినీ నాలుగు చేసి, ఇప్పుడు పెరడంతా మళ్ళీ పెట్టెలే. పక్క చేను రైతు ఇప్పుడు మందు కొట్టేముందు వదినగారికి చెప్పి ఊరుకోడు, నాకూ ఫోన్ చేస్తాడు. "రేపు మా చేలో కొడుతున్నామండి" అంటాడు. పటమటలో మూడో అంతస్తులో కూర్చుని నేను "సరేనండి" అంటాను. ఆ మాట తప్ప మేమిద్దరం ఎప్పుడూ ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఇక ఆ పెట్టెలో మావారిని చూసిన ఈగ, ఆయన చెవి కుట్టిన ఈగ ఒక్కటీ లేదు. మందు కొట్టకపోయినా ఉండేది కాదు. ఎన్ని తరాలు మారాయో లెక్కకట్టడం మానేశాను. పెట్టె మాత్రం మోగుతూనే ఉంది, నీలం రంగు పెచ్చులూడుతూ.

ఇవాళ తులసికుండీ దగ్గరి ఈగ సంగతి చెబుదామని వదినగారికి ఫోన్ చేశాను.

"రెక్కలు చూశావా?" అన్నారు.

"చూశానండి. బాగా అరిగిపోయాయి."

"అయితే దాని పని అయిపోయిందిలే అమ్మాయ్. మధ్యలో వదిలేసి పోలేదు."

మధ్యలో వదిలేసి పోయినవాళ్ళ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఉంటానని కూడా అనకుండా ఆవిడ ఫోన్ పెట్టేశారు. నెలన్నర ఆయుష్షులో ఆ ఈగకి ఎన్ని పొద్దులు గడిచాయో గాని, ఆయన మెట్లమీద కూర్చున్న ఆ ఒక్క పొద్దు నాకింకా గడవలేదు.