మా అన్నయ్యకి పట్టిన కొవ్వు

గోదావరి తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. పులస తనంతట తానే గట్టెక్కి వచ్చి మా ఇంటి పులుసు గిన్నెలో దూకిందని చెప్పినప్పుడు కూడా ఇలాగే నవ్వారు. నవ్వనివ్వండి.

రాజమండ్రిలో మా అన్నయ్యది నెయ్యి కొట్టు. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్ళు చాలామంది ఆయన దగ్గరే నెయ్యి కొంటారు. మనిషి ఉల్లిపాయ కూడా ముట్టడు. ఏటా కార్తీకంలో అన్నవరం కొండెక్కి, వదినతో కలిసి పీటల మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేసుకుంటాడు. అలాంటివాడికి ఏదో కడుపునొప్పని స్కానింగు తీయిస్తే, లివర్‌కి కొవ్వు పట్టిందన్నారు.

"నాకు కొవ్వా? ఎవరితోనైనా ఎప్పుడైనా పొగరుగా మాట్లాడానంట్రా?" అని నన్నే నిలదీశాడు.

"ఇది ఆ కొవ్వు కాదన్నయ్యా" అని సర్దిచెప్పాను గానీ, నా అనుమానం నాకుంది. మా వీధిలో లివర్ చెడిందంటే ఒక్కటే అర్థం. ఆ మాట చెవిన పడగానే జనం ముందు మనిషి చేతులు వణుకుతున్నాయేమో చూస్తారు, తర్వాత కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూస్తారు. ఆ రెండూ లేకపోతే, "భలే దాచాడే" అంటారు.

తాగుడు అలవాటు లేనివాళ్ళ లివర్‌లో కొవ్వెందుకు చేరుతోంది, చేరితే లివర్ చేసే పని ఎంతవరకు దెబ్బతింటోంది అని ఒక మెడికల్ కాలేజీ వాళ్ళు పరిశోధన చేస్తున్నారని అప్పుడే తెలిసింది. అందులో చేర్చుకుంటే ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని చూస్తారట. వదినకి అంతకన్నా పెద్ద ఆశ ఇంకొకటి ఉంది. మా ఆయన తాగడని డాక్టర్లే తేల్చేస్తే వీధి నోరు మూతపడుతుందని.

అన్నయ్యని తీసుకెళ్ళాను. రక్తం తీశారు. తర్వాత పడుకోబెట్టి, కుడివైపు పక్కటెముకల మీద గొట్టంలాంటిదొకటి ఆనించి టక్కు టక్కుమని తట్టారు. ఆ తట్టు లోపల ఎంత వేగంగా పాకుతుందో చూసి, లివర్ మెత్తగా ఉందో గట్టిపడిందో చెబుతుందట ఆ మెషీను. ఆ పైన నన్ను బయటికి పంపి, ఆయన్ని ఏవేవో ప్రశ్నలు అడిగారు.

కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి గొంతు తగ్గించింది. "మీ అన్నగారిని ఇందులోకి తీసుకోలేమండి. రోజూ రెండు పూటలా అలవాటుందట. పొద్దున టిఫినవ్వగానే మొదలట. మానేస్తే కళ్ళు తిరుగుతాయట."

"ఎవరు చెప్పారండి?"

"ఆయనే. పాపం, దాపరికం లేని మనిషండి."

ఇంటికి రాగానే వదిన చెవిన వేశాను. ఆవిడ కూలబడిపోయింది. "నాకు ఒక్కనాడైనా వాసన రాలేదేంటి మరిదిగారూ?"

"నెయ్యి కొట్టువాడి దగ్గర నెయ్యి వాసన తప్ప ఇంకేం వస్తుందొదినా?"

ఆ మాటతో తేలిపోయింది. "ఈ కార్తీకంలో ఆయన పక్కన పీట మీద కూర్చోను. తాగి స్వామి ముందు కూర్చుంటే ఆ పాపంలో నాకూ వాటానే" అంది. అన్నయ్యతో మాటలు మానేసింది. ఆయన మాత్రం కంచం ముందు కూర్చుని, "ఏంటే, కూరలు వడ్డిస్తావు గానీ మాట వడ్డించవు?" అని అమాయకంగా అడిగేవాడు. ఆ అమాయకత్వం చూస్తే నాకు ఇంకా అనుమానం.

నిఘా వేశాను. మధ్యాహ్నం పూట కొట్టు వెనక గదిలోకి పోయి, ఫ్యాను ఆపి, తలుపు దగ్గరికి వేసుకుంటున్నాడు. దొరికాడనుకుని సందులోంచి చూశాను. కొత్తగా వచ్చిన నెయ్యి డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కో డబ్బాలోంచి కాస్త తీసి అరచెయ్యి వెనక రాసుకుని, రుద్ది, కళ్ళు మూసుకుని వాసన పీల్చి, నాకి, పైన ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటున్నాడు.

తలుపు తోసేశాను. "రోజూ ఇంత నెయ్యి తింటున్నావా అన్నయ్యా!"

"తినడమేంట్రా? ఇది రుచి చూడ్డం. తిండంటే కంచంలో పెట్టుకునేది."

డబ్బాల వెనక కూడా వెతికాను. సీసా లేదు. ఆ సంగతి చెబితే వదిన కుదుటపడలేదు సరికదా, "అయితే ఇంట్లోనే కానిస్తున్నారన్నమాట" అని బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి మరీ దేవింది. చివరికి ఆయన్ని వెంటబెట్టుకుని ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాం.

"ఈయన ఏం తాగుతారన్నారమ్మా?" అని వదిన నేరుగా అడిగేసింది.

"ఏం తాగుతారని కాదండి, మర్యాదగానే అడిగాను, 'మందు తీసుకుంటారా' అని. తీసుకుంటానన్నారు."

"తీసుకుంటాను కదండీ మరి" అన్నాడు అన్నయ్య. "రెండు పూటలా ఈవిడే చేతిలో పెడుతుంది."

వదిన తన అరచేతికేసి చూసుకుంది.

"షుగరు బిళ్ళ!" అంది వదిన.

డాక్టరమ్మ నాలుక కరుచుకుంది. ఈసారి సారా, కల్లు, బ్రాందీ అని పేరుపేరునా అడిగి, అన్నిటికీ లేదనిపించుకుని ఆయన్ని చేర్చుకుంది. నేనూరుకోకుండా నెయ్యి డబ్బాల సంగతి చెప్పాను.

"అదొక్కటే కారణమనలేమండి. షుగరుంది, పొట్ట ఉంది, పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గర కూర్చోవడముంది. అన్నీ కలిసి లివర్‌ని ఏం చేస్తున్నాయో తెలుసుకోడానికే ఈ తిప్పలన్నీ. ఆ రుచులు మాత్రం తగ్గించండి. వాసన చూస్తే చాలదా?"

"ముక్కుకి నచ్చజెప్పగలనండి. నాలుకే వినదు."

దానికి వదిన పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కార్తీకంలో అన్నవరంలో ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు.

ఒట్టు వేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. వదిన నవ్విందని రాశాను చూశారూ, అది నా కల్పన. షుగరు బిళ్ళ అన్న మాట నోటివెంట రాగానే ఆవిడ అక్కడే, డాక్టరమ్మ ఎదుటే, భోరుమంది. "మీ మొహమైనా చూడకుండా అన్నం పెట్టానండీ ఇన్నాళ్ళూ" అంది. తనని అనుమానించామన్న సంగతే అన్నయ్యకి అప్పటిదాకా తెలియదు. మెల్లగా తల తిప్పి నాకేసి చూశాడు. నేను మెషీనుకేసి చూశాను.