సంతకం పెట్టమన్నదెవరు

కెటిల్ క్రీక్ బడి వంటగదిలో నడీన్ హక్‌స్టెప్ ఇరవై ఏళ్లకు పైగా నిలబడి వండింది. నిలబడి అన్న మాట ఊరికే అనడం లేదు. బడిపిల్లలందరికీ సరిపడా గ్రేవీ కలపడం, మొక్కజొన్న రొట్టెల పళ్లేలు పొయ్యిలోంచి లాగడం కూర్చుని చేసే పనులు కావు. తెల్లవారుజామున అమెరికాలోని ఆ ఓజార్క్ కొండల మీద మంచు విడవకముందే ఆమె మోటారుసైకిలు చప్పుడు వీధిలో వినబడేది. ఆ చప్పుడుకే లేచి కాఫీ పెట్టుకునే ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురుండేవారు. భర్త రస్సెల్ పోయాక ఆమె కారు అమ్మేసి బండి ఉంచుకుంది. ఒక్కదాన్నే కదా, నాకంత ఇనుమెందుకు అనేది.

రస్సెల్ లారీ నడిపిన మనిషి. దారుల మీద చూడకూడనివన్నీ చూశాడు. బండి మీద పోయే మనిషికి చుట్టూ ఉన్న రేకు తన చర్మమే అని చెప్పి, బీమా తీసుకునేటప్పుడు పెళ్లాం చేత ఒక కవరేజీ ప్రత్యేకంగా తీయించాడు. గుద్దినవాడి బీమా మన దెబ్బలకు చాలకపోతే, ఆ లోటు మన సొంత కంపెనీయే పూడ్చాలి. అదీ ఆ కవరేజీ. రస్సెల్ పోయాక కూడా నడీన్ దాన్ని మానలేదు. బతికుండగా అతని మాట ఎంత విన్నదో గాని, ఇది మాత్రం విన్నది.

ఆ బీమా ఇచ్చిన ఏజెంటు డెల్బర్ట్ మాపిన్. వాళ్ల చర్చి సంఘంలోనే పెద్ద. ఏటా వసంతకాలంలో చర్చి ముందు మోటారుసైకిళ్లకు దీవెన ప్రార్థన జరుగుతుంది. చుట్టుపక్కల బండ్లవాళ్లంతా దుమ్ము కొట్టుకుని వస్తారు. డెల్బర్ట్ కుచ్చుల తోలు చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడతాడు. ఆయన బండి మాత్రం ట్రక్కు వెనక తగిలించిన చక్రాల బల్ల మీద ఎక్కి వస్తుంది. పాస్టరుగారు దాని మీద చెయ్యి ఉంచి దీవించాక మళ్లీ బల్ల ఎక్కి ఇంటికి పోతుంది. బండి మీద దుమ్ము పడకూడదు, దీవెన మాత్రం పడాలి. అదీ ఆయన భక్తి.

అక్టోబరులో ఒక పొద్దున, పెట్రోలు బంకు దగ్గర ఒక కారు నడీన్ దారికి అడ్డంగా ఎడమకు తిరిగింది. నడిపింది షానా గిల్ అనే చిన్నమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. కోడిమాంసం ఫ్యాక్టరీలో రాత్రంతా నిలబడి ఇంటికి పోతోంది. నేను చూడలేదండీ, చూడలేదండీ అని రోడ్డు మీద కూర్చుని ఏడుస్తూ, నడీన్ తల కింద తన కోటు మడిచి పెట్టింది. నడీన్ తొడ ఎముక రెండు ముక్కలైంది, తుంటి చితికింది. హెలికాప్టరులో నగరానికి తీసుకుపోయారు. షానాకు ఉన్నది చట్టం ఒప్పుకునే అతి తక్కువ బీమా. అందులో సగానికి పైగా ఆ హెలికాప్టరే మింగేసింది.

వారం తిరక్కుండా షానా ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన పిండివంట చేసుకుని ఆసుపత్రికి వచ్చింది. తలుపు పక్క కుర్చీలో అంచు మీద కూర్చుని, ఆ పళ్లెం ఒళ్లో పెట్టుకుని మళ్లీ ఏడుపు. మంచం మీద ఉన్న నడీనే ఆమెను ఓదార్చాల్సి వచ్చింది.

తర్వాత షానా బీమా కంపెనీ మనిషి వచ్చాడు. ఆ పిల్ల బీమాలో ఉన్నదంతా ఇచ్చేస్తాం, ఇక ముందు ఆమెను ఏమీ అడగనని సంతకం పెట్టమన్నాడు. షానా మొహం గుర్తొచ్చి వెంటనే పెట్టెయ్యాలనిపించింది నడీన్‌కు. అయినా ఆగింది. మన బీమా కంపెనీని అడక్కుండా ఏదీ చెయ్యకూడదని రస్సెల్ చెప్పేవాడు. ఆ మనిషి వెళ్లాక డెల్బర్ట్‌కు ఫోన్ చేసింది. డెల్బర్ట్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. పెట్టెయ్యండి సిస్టర్, మన కవరేజీ మనకుంది, ఆ పిల్లను క్షమించి మనసు తేలిక చేసుకోండి అన్నాడు. నడీన్ సంతకం పెట్టింది.

శీతాకాలం గడిచేసరికి ఎముక వంకరగా అతుక్కుంది. కాలు పొట్టిదైంది. ఇంకొక ఆపరేషన్ చేస్తే మళ్లీ పూట పూటంతా నిలబడగలవు, లేకపోతే జీవితాంతం నడవడానికి పట్టుకునే ఈ ఊతంతోనే అన్నాడు డాక్టరు. ఆగస్టులో బడి తెరిచేదాకా నీ పని నీకే ఉంచుతాం, అంతకు మించి నా చేతుల్లో లేదని ప్రిన్సిపాల్ చెప్పింది. ఆపరేషన్‌కు కావలసింది లోటు పూడ్చే ఆ కవరేజీలో ఉంది. నడీన్ తన కంపెనీకి రాసింది.

కంపెనీ జవాబు మర్యాదగానే వచ్చింది. మా అనుమతి లేకుండా మీరు షానాను వదిలిపెట్టేశారు, ఆమె దగ్గర వసూలు చేసుకునే మా హక్కు పోయింది, కనుక మీకు రావలసింది ఏమీ లేదు. కారు వెనక అద్దం పగిలితే ప్లాస్టిక్ కాగితం అంటించుకుని తిరిగే పిల్ల దగ్గర వాళ్లేదో వసూలు చేసుకునేవారట. ఆ గొప్ప అవకాశం నడీన్ పాడుచేసిందట.

జిల్లా కచేరీ ఉన్న ఊళ్లో ఒక లాయరమ్మను కలిసింది. ఏజెంటు చెప్పిన మాట కంపెనీ చెప్పినట్టే అని వాదించవచ్చని ఆమె చెప్పింది. కాకపోతే చెప్పానని ఆయన ఒప్పుకోవాలి, లేదా ఆయన చెప్పినట్టు విన్నవాళ్లు ఉండాలి. ఆసుపత్రి గదిలో ఎవరున్నారని అడిగింది. ఎవరూ లేరు, నడీనూ, ఆమె చేతికి ఎక్కుతున్న మందు సీసానూ.

పొరుగింటి వెల్డా తన ట్రక్కులో ఆమెను డెల్బర్ట్ ఆఫీసుకు తీసుకెళ్లింది. గోడ మీద జింక తల, దాని కింద చట్రం కట్టిన బైబిలు వాక్యం. డెల్బర్ట్ రెండు చేతులూ చాపి వచ్చి, ముందు ప్రార్థన చేద్దామన్నాడు. చేశాడు. ఆమె తొడనూ, తుంటినీ, మోకాలినీ పేరుపేరునా ప్రభువుకు అప్పగించాడు. ఫోన్ సంగతి మాత్రం అప్పగించలేదు.

"సంతకం పెట్టమన్నారు కదా బ్రదర్. ఆ ఒక్క మాట కాగితం మీద రాసివ్వండి. నేనింకేమీ అడగను" అంది నడీన్.

"ఫోన్ చేశారు, కాదనను. కుశలం కనుక్కున్నట్టు గుర్తు. సంతకం మాట..." డెల్బర్ట్ తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు మీకు గట్టి మందులెక్కించారు సిస్టర్. ఆ మందుల్లో మనిషికి ఏవేవో వినబడతాయి."

నడీన్ లేచింది. లేవడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది. ఆయన చెయ్యి అందివ్వలేదు, అప్పటికే కంప్యూటరు వైపు తిరిగాడు. బయట కాచుకుని ఉన్న వెల్డా వచ్చి పట్టుకుంది.

ఎందుకు బొంకాడంటే పెద్ద కారణమేమీ లేదు. పేరు చెడని ఏజెంట్లను కంపెనీ ఏటా ఫ్లోరిడా సముద్రానికి తీసుకుపోతుంది. ఆ ఏడు డెల్బర్ట్ పేరు జాబితాలో ఉంది. ఆయన భార్య ఎండ టోపీ కూడా కొనుక్కుంది. తప్పు సలహా ఇచ్చానని రాసిస్తే ఆ పేరు కొట్టేస్తారు. ఒక ఆడమనిషి కాలు ఒక పళ్లెంలోనూ, సముద్రపుటొడ్డున నాలుగు రోజులు ఒక పళ్లెంలోనూ పెట్టి తూచుకున్నాడు. ఎటు మొగ్గిందో ఆలోచించడానికి ఆయనకు పెద్దగా కష్టం కూడా కలగలేదు. నరహత్య చేసినవాడికైనా రాత్రి నిద్ర పట్టదంటారు. డెల్బర్ట్ శుభ్రంగా నిద్రపోయాడు.

నడీన్ ఈ సంగతి చర్చిలో ఎవరికీ చెప్పలేదు. సహోదరుడి గురించి నలుగురిలో చెడుగా మాట్లాడ్డం ఆమెకు చేతకాదు. వెల్డాను కూడా నోరు మూసుకోమంది.

ప్రతి శనివారం ఓర్ఫా టిండల్ వచ్చి ఆమెకు తలంటేది. ఎనభై దాటిన మనిషి. వంగలేని నడీన్‌ను వంటింటి సింకుకు వీపు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టి, మెడ కింద తువ్వాలు పెట్టి, చిన్న చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోసేది. చేతులు వణికేవి గాని చెవుల్లో చుక్క పడనిచ్చేది కాదు. వచ్చేటప్పుడు కోడికూరలో ఉడికించిన పిండి ముద్దలు గిన్నెనిండా తెచ్చేది. సంఘంలో ఎవరికి కష్టమొచ్చినా ఫోన్ మీద ఫోన్ చేసి ఆడవాళ్లందరి చేతా ప్రార్థన చేయించేది ఆమే.

మార్చిలో ఒక శనివారం, నురగ రుద్దుతూ మామూలుగా అంది. "రాత్రి కూడా నీకోసం చేశానే అమ్మాయీ. డెల్బర్ట్ చెప్పినట్టు ఆ కాగితం మీద సంతకం పెట్టావు కదా, ఆ క్షమాపణకు తగ్గ మనశ్శాంతి నీకిమ్మని."

నడీన్ నురగతోనే లేవబోయింది. "ఏమన్నారు ఓర్ఫమ్మగారూ?"

"కదలకు, కళ్లలో పడుతుంది."

"డెల్బర్ట్ చెప్పాడని మీకెవరు చెప్పారు?"

"డెల్బర్టే. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బుధవారం కూడికలో నిలబడి ప్రార్థన మనవి చెప్పాడు. సిస్టర్ నడీన్ నన్ను సలహా అడిగింది, సంతకం పెట్టి ఆ పిల్లను క్షమించమని చెప్పాను, ఆమెకు శాంతి కలగాలని ప్రార్థించండి అన్నాడు. నేను అదే మాట అందరికీ ఫోన్‌లో చెప్పాను. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఇంకా చేస్తూనే ఉన్నాం."

"ఇన్నాళ్లూ నాతో అనలేదేం?"

"నీకు తెలిసిన సంగతి నీకెందుకు చెప్తానే?" అని ఓర్ఫా చెంబు ముంచింది. "వాడు నిలబడింది నీకోసం కాదులే. నువ్వంతటిదానివి వాణ్ణి సలహా అడిగావని నలుగురికీ తెలియాలి. సండే స్కూల్లో వాడికి చదువు చెప్పినదాన్ని, నాకు తెలియదా వాడి సంగతి. కానుక పళ్లెంలో నాణెం వేసినా చప్పుడయ్యేలా వేసేవాడు."

అప్పుడు నడీన్ చెప్పింది, ఆఫీసులో జరిగినదంతా. ఓర్ఫా చెంబు మళ్లీ నింపింది. జుట్టు రెండోసారి కడిగి, తువ్వాలు చుట్టి, ఇంటికెళ్లి ఫోన్ దగ్గర కూర్చుంది.

మరుసటి బుధవారం చర్చి హాల్లో చిక్కుడుగింజలూ పందిమాంసమూ వండిన భోజనం అయ్యాక, ఓర్ఫా ఎవరినీ కదలనివ్వలేదు. ఆనాటి కూడికలో డెల్బర్ట్ మాట విన్న ఆడవాళ్లు లాయరమ్మ రాసిచ్చిన కాగితం మీద అప్పటికే సంతకాలు చేశారు. రెండో కాగితం డెల్బర్ట్ ముందు పెట్టారు. దాని మీద ఒక్కటే వాక్యం: సంతకం పెట్టమని నడీన్‌కు నేనే చెప్పాను.

డెల్బర్ట్ చదివి, బాధపడిన ముఖం పెట్టాడు. ప్రార్థన మనవి పవిత్రమైనది అన్నాడు. అది దేవుడికీ సంఘానికీ మధ్య మాట, దాన్ని డబ్బు వ్యవహారాల్లోకి లాగడం తన మనస్సాక్షి ఒప్పుకోదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు చెయ్యి గుండె మీద కూడా పెట్టుకున్నాడు. పాస్టరుగారు కాఫీ కప్పులో ఏదో పడ్డట్టు లోపలికి చూస్తూ కూర్చున్నారు.

"గ్లాసులో నీళ్లు తాగు నాయనా," అంది ఓర్ఫా. "తాగి ఒకటి చెప్పు. ఆ రోజు దేవుడితో అబద్ధమాడావా, ఆఫీసులో ఈ నడీన్‌తో అబద్ధమాడావా? ఆ రెండు మాటలూ నిజమవడానికి వీల్లేదు కదా."

డెల్బర్ట్ గ్లాసు పక్కకు జరిపాడు. మనస్సాక్షి ఇంకా గుండె మీది చేతి కిందే ఉంది.

అప్పుడు వెల్డా, బల్ల మీది రొట్టె ముక్కలు ఊడుస్తూ, ఎవరినీ ప్రత్యేకంగా అడగనట్టు అడిగింది. "మా ట్రక్కూ, మావాడి కారూ, ఇల్లూ ఉన్నాయి. పక్క ఊళ్లో బీమా చేసేవాళ్లెవరైనా ఉన్నారా?"

"కనుక్కుంటే నాకూ చెప్పు" అంది ఆమె పక్కనున్నామె. ఇంకొకామె తనకు రెండు కార్లున్నాయంది.

డెల్బర్ట్ చెయ్యి గుండె మీంచి జేబులోకి దిగింది. పెన్ను తీశాడు. "ఇప్పుడు గుర్తొస్తోంది" అన్నాడు.

"దేవుడి దయ" అంది ఓర్ఫా.

పుట్టిన దగ్గర్నుంచి విన్న వాక్యమంతా కదిలించలేని మనిషిని ఆ కార్లు కదిలించాయి. సంతకం పెట్టి, కుర్చీ తోసుకుని, తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. నడీన్ ఏమో అనుకుంది. క్షమించమని అడుగుతాడేమోనన్న ఆశ కూడా ఒక్క రవ్వ కలిగింది ఆమెకు, మంచిది కాబట్టి. ఆయన పెన్ను కోసం వచ్చాడు. తన పేరు అచ్చువేయించి ఊరంతా ఉత్తినే పంచే ప్లాస్టిక్ పెన్ను అది. తీసుకుని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కంపెనీ విషయాన్ని పునఃపరిశీలించిందట. తప్పైందన్న మాట ఒక్కటి కూడా లేకుండా ఇవ్వవలసింది ఇచ్చింది. జూన్‌లో ఆపరేషన్ అయింది. నడక నేర్పే చోటికి రోజూ తీసుకెళ్లింది షానా. రాత్రి పని ముగించుకుని, కళ్లు ఎర్రగా ఉన్నా, వీధి చివరే కారు నెమ్మది చేసి, రెండువైపులా రెండేసిసార్లు చూసి వచ్చేది. కారులో పిల్లల బొమ్మలు పక్కకు జరిపి, నడీన్ కాలు చాపుకోవడానికి ముందు సీటు వెనక్కి తోసి ఉంచేది.

నడీన్ కోసం కంపెనీతో తానే పోరాడానని డెల్బర్ట్ మంగలి దుకాణంలో చెబుతున్నాడని ఆమె చెవిన పడింది. కాదని చెప్పడానికి ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. ఆ మనిషి మీద ఖర్చు పెట్టడానికి ఆమె దగ్గర ఇక మాటలు లేవు.

ఆగస్టులో బడి తెరిచారు. పొయ్యి ముందు మొదటి రోజు కాళ్లు వణికాయి, రెండో వారానికి వణకలేదు. సెప్టెంబరులో తాతలూ అమ్మమ్మలూ పిల్లలతో కలిసి బడిలో భోంచేసే రోజు వచ్చింది. డెల్బర్ట్ మనవరాలి చెయ్యి పట్టుకుని, పళ్లెం పట్టుకుని వరసలో వచ్చాడు. నడీన్ మనవరాలికి నవ్వుతూ వడ్డించింది, జడ బాగుందని చెప్పింది.

"ఎలా నిలబడ్డారో చూడండి సిస్టర్," అన్నాడు డెల్బర్ట్, వెనకవాళ్లకు కూడా వినబడేలా. "మన ప్రార్థనలు ఊరికే పోలేదు."

నడీన్ అతని పళ్లెంలో బంగాళదుంప ముద్ద వేసింది, దాని మీద గ్రేవీ పోసింది. అందరికీ పోసినంతే, చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆమె చూపు అప్పటికే అతని భుజం మీదుగా వెనకనున్న ముసలాయన మీద ఉంది.

"తర్వాతివాళ్లు రండి" అంది.